ఆటలో అరటిపండు కాకుండా: లంక ఊరి బడిలో ఒక కేసు

కోనసీమలో ఒక మండలం భవిత కేంద్రంలో సహిత విద్య టీచరుగా పనిచేస్తున్నాను. వారంలో కొన్ని రోజులు ప్రత్యేక అవసరాలున్న పిల్లలు కేంద్రానికి వస్తారు. మిగతా రోజులు నేనే బడులకీ, కదల్లేని పిల్లల ఇళ్లకీ వెళ్తాను. ఇది బడిలో స్నేహితులు లేని, ఆటిజం ఉన్న ఒక పిల్లాడి కేసు. మొదటి ఐదు నెలలు శిక్షణలో నేర్చుకున్నట్టే పనిచేశాను. రికార్డులో అన్నీ మెరుగుపడుతున్నట్టే ఉన్నాయి. పిల్లాడు మాత్రం విరామంలో మునుపటిలాగే ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో తెలిస్తే ఇంకో పిల్లాడికి ఐదు నెలలు కలిసొస్తాయని రాస్తున్నాను. తల్లి అనుమతి తీసుకున్నాను. పేర్లు మార్చాను, ఊరు చెప్పడం లేదు, గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని వదిలేశాను.

నేపథ్యం

బాబి నా దగ్గరికి వచ్చేనాటికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. గోదావరి పాయల మధ్య లంక ఊరు. ఒడ్డుకి రావాలంటే పడవో పంటో ఎక్కాలి. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. ఇంట్లో తల్లి, నాయనమ్మ, తాతయ్య. తాతయ్య కొబ్బరి తోటల్లో దింపు తీసిన కాయలు లెక్కపెట్టే పని చేస్తారు.

మాటలు ఆలస్యంగా వచ్చాయి. నాలుగేళ్లప్పుడు కాకినాడలో చూపిస్తే ఆటిజం అన్నారు. మన దేశంలో ఆటిజాన్ని అంచనా వేయడానికి వాడే ఇసా పట్టికలో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు వేస్తారు. మొత్తం 70కి చేరితే ఆటిజం ఉన్నట్టు, 106 వరకు స్వల్పం. బాబికి 98 వచ్చింది. స్పీచ్ థెరపీకి రెండేళ్లు తిరిగారు, తర్వాత రానూపోనూ ఖర్చు భరించలేక మానేశారు. నేను చూసేనాటికి చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడేవాడు, చక్కగా చదివేవాడు, లెక్కల్లో క్లాసులో అందరికంటే ముందుండేవాడు.

ఒక్క విషయం. లెక్క ఎప్పుడూ ఒకటితో మొదలుపెట్టడు. తాతయ్య కాయలు లెక్కపెట్టేటప్పుడు పాతకాలం వాళ్లలాగే ఒకటికి బదులు ‘లాభం’ అంటారు. బాబీ అంతే. లాభం, రెండు, మూడు. బడిలో ఇది విని పిల్లలు నవ్వారు, అదే అతనికి పేరైపోయింది. ‘ఒరే లాభం!’

బడి చిన్నది. 31 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. హెడ్మాస్టారు మంచివారు, కానీ బాబిది మొండితనం అనుకునేవారు. ఆయన్ని నేను తప్పుపట్టలేను. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి ఉన్న 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, అందులో ఆటిజం పేరే లేదు. 21 రకాలతో కొత్త చట్టం 2016లో వచ్చింది.

ఎవరు ఏం అడిగారు

బడివాళ్ల ఫిర్యాదు వేరు, తల్లి అడిగింది వేరు. భోజనాల లైనులో ఎవరైనా తగిలితే బాబి తోసేస్తున్నాడనీ, గోల ఎక్కువైతే బల్ల కింద దూరుతున్నాడనీ బడివాళ్లు చెప్పారు. తల్లి అవేవీ అడగలేదు. “చదువు ఎలాగో వస్తాదండి. మావోడికి ఒక్క స్నేహితుడన్నా ఉంటాడాండి?” అంది. నేను రెండూ రాసుకున్నాను, కానీ పని మొదలుపెట్టింది బడివాళ్ల ఫిర్యాదుతో. అది నా మొదటి పొరపాటు. తోయడం తగ్గితే స్నేహం దానంతటదే వస్తుందనుకున్నాను.

మొదలుపెట్టేముందు ఆరు రోజులు ఏమీ చేయకుండా చూశాను. పొద్దున విరామంలో, మధ్యాహ్నం భోజనమయ్యాక, ఐదు నిమిషాలకోసారి బాబి ఎక్కడున్నాడు, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఎవరున్నారు, ఎవరు ఎవరితో ఏమన్నారు అని రాసుకున్నాను. ఆ ఆరు రోజుల్లో పిల్లలు అతనితో మాట్లాడింది 23 సార్లు. అందులో 19 ‘జరుగు’, ‘లెగు’, ‘మాస్టారు పిలుస్తున్నారు’ లాంటివి, లేదా వెక్కిరింపులు. మిగతా నాలుగే నిజంగా ఏదో అడగడం. ఆ నాలుగులో మూడు ఒకే అమ్మాయి అడిగినవి. ఆ సంగతి నోటుబుక్కులో అప్పటినుంచీ ఉంది. నేను చూడలేదు.

ఇంకోటి కూడా తప్పుగా చదివాను. రోజూ గోళీలాట జరిగే చోటికి పది అడుగుల దూరంలో బాబి నిలబడేవాడు. ఎవరికెన్ని గోళీలొచ్చాయో తనలో తాను పైకే చెప్పుకునేవాడు. ‘తోటివారిపై ఆసక్తి లేదు’ అని రాశాను. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లోనే పిల్లల ఆటని దశలుగా విడదీసి చెప్పింది. ఒంటరిగా ఆడటం తర్వాత, పక్కపక్కనే ఆడటానికి ముందు, చూస్తూ నిలబడే దశ ఒకటుంది. చూసే పిల్లాడు ఆటకి బయట లేడు, గుమ్మంలో ఉన్నాడు. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే.

ముందు చేసినవి, ఎక్కడ దెబ్బతిన్నాయి

డిసెంబరు, జనవరి నెలల్లో కేంద్రంలో మాటలు నేర్పాను. దగ్గరికి వెళ్లు, కళ్లలోకి చూడు, నవ్వు, ‘నేను కూడా మీతో ఆడవచ్చా?’ అని అడుగు. కరోల్ గ్రే అనే అమెరికన్ టీచరు పద్ధతిలో ఒక సోషల్ స్టోరీ, అంటే ఒక పరిస్థితి పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పే చిన్న కథ, కూడా బొమ్మలతో రాశాను. అసలు ఆ పద్ధతిలో పరిస్థితిని వివరించే వాక్యాలు ఎక్కువుండాలి, ఏం చేయాలో చెప్పేవి తక్కువుండాలి. నాది తలకిందులైంది. అన్నీ ‘చేస్తాను, అడుగుతాను, నవ్వుతాను’లే. ఇతరులు ఎందుకు ఆడతారో, మధ్యలో వచ్చినవాణ్ణి ఎప్పుడు చేర్చుకుంటారో అందులో లేదు.

కేంద్రంలో పదిసార్లకి ఎనిమిదిసార్లు సరిగ్గా చేశాడు. బడిలో గోళీల గుంపు దగ్గరికెళ్లి ‘నేను కూడా మీతో ఆడవచ్చా?’ అన్నాడు. అందరూ ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వారు. ఆ ఊళ్లో ఏ పిల్లాడూ అలా అడగడు. ‘నన్నూ కలుపుకోండ్రా’ అంటాడు, లేదా ఏమీ అడక్కుండా గోళీ తీసి వరసలో నిలబడతాడు. నేను పుస్తకంలో ఉన్న మర్యాద నేర్పాను, ఆ పెరట్లో నడిచే మర్యాద ఏంటో ముందు చూసుకోలేదు.

కళ్లలోకి చూడమనడం అప్పుడే మానేశాను. ఒకరోజు బాబి తనే చెప్పాడు: “చూస్తే వినపడదు.” ముఖం చూడటానికే అతని శక్తంతా పోతుంటే మాట వినడానికి ఏం మిగులుతుంది? వినడం ముఖ్యమనుకున్నాను.

ఫిబ్రవరిలో హెడ్మాస్టారితో మాట్లాడి వంతులు వేశాం. రోజుకొక పిల్లాడు బాబికి తోడు. ఇది ఇంకా దెబ్బతింది. వాళ్లు స్నేహితులు కాలేదు, చిన్న సైజు ఆయాలయ్యారు. సంచి మోశారు, మూతి తుడిచారు, కోడిగుడ్డు పెంకు తీసి నోటికందించారు. ఎనిమిదేళ్లవాడికి! ఒకరి తల్లి బడికొచ్చి, మా పిల్లాడు ఆడుకోవడానికి లేకుండా పోయిందని అడిగింది. ఆమె అడగడంలో న్యాయం ఉంది.

అసలు కళ్లు తెరిపించింది మార్చిలో ఒక మధ్యాహ్నం. హెడ్మాస్టారు “బాబిని కూడా ఆడించండర్రా” అన్నారు. దాగుడుమూతలు ఆడుతున్న పిల్లల్లో ఒకడు “బాబి అరటిపండ్రోయ్!” అని అరిచాడు. ఆటలో అరటిపండు అంటే మనందరికీ తెలుసు. ఏడవకుండా చేర్చుకుంటారు, దొరికినా దొంగ కాడు. బాబి అందరితోపాటు పరిగెత్తాడు, నవ్వాడు. ‘తోటివారితో 20 నిమిషాలు ఆడాడు’ అని రాసుకున్నాను. నా నోటుబుక్కులో అంత పెద్ద అంకె అదే మొదటిసారి. బెల్లు కొట్టారు. అందరూ లోపలికెళ్లారు. బాబి లేడు. వెతికితే వంటగది వెనక, కొబ్బరి మట్టలు పోగేసిన చోట నక్కి కూర్చుని ఉన్నాడు. ఆట అయిపోయిందని అతనికెవరూ చెప్పలేదు. అతన్నెవరూ వెతకలేదు.

ఆ రాత్రి 20 కొట్టేసి, పక్కన ‘ఎవరూ వెతకలేదు’ అని రాశాను. అప్పటినుంచి నా ప్రశ్న మారింది. ఎంతసేపు గుంపులో ఉన్నాడన్నది కాదు. అతను లేకపోతే ఆట ఆగుతుందా? అతను ఓడిపోవడానికి వీలుందా?

అష్టాచెమ్మా ఎందుకు

వేసవి సెలవుల్లో పాత నోటుబుక్కు మళ్లీ మొదటినుంచి చదివాను. అప్పుడు కనిపించింది ఆ అమ్మాయి. మంగ అందాం. బాబి కంటే ఒక తరగతి పైన. ఆమె అడిగిన మూడు ప్రశ్నలూ ఒకటే: “ఎవుడికెన్ని వచ్చాయిరా?” గోళీల లెక్క కోసం గొడవొచ్చినప్పుడల్లా ఆమె బాబిని అడుగుతోంది. అంటే ఆ పెరట్లో ఒకరికి బాబితో అవసరం అప్పటికే ఉంది. నేను తోడు పెట్టిన పిల్లలు ‘బుద్ధిమంతులు’ అని మాస్టారు ఎంచినవాళ్లు. మంగ ఆ జాబితాలో లేదు, అల్లరి పిల్ల.

తర్వాత, ఏ ఆట? గోళీలు వద్దనుకున్నాను, ఎందుకంటే అక్కడ తోపులాట ఉంటుంది, వంతు గురించి రోజూ వాదన ఉంటుంది, గుంపు మారిపోతుంటుంది. అష్టాచెమ్మాలో ఇద్దరు చాలు. ఎవరి చోట వాళ్లు కూర్చుంటారు, ఒకరినొకరు తాకనక్కర్లేదు. వంతు ఎవరిదో కళ్లకి కనిపిస్తుంది, గింజలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. 25 గళ్లు, నాలుగు గింజలు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. మాటలు తక్కువ, లెక్క ఎక్కువ, అది బాబి బలం. పైగా ఇది నాయనమ్మ ఆట. కొనక్కర్లేదు, వరండాలో సుద్దముక్కతో గీసుకోవచ్చు, చింతగింజలు ఒకవైపు గరుకు రాయి మీద అరగదీస్తే చాలు. థెరపీ సామానులా కనిపించకూడదన్నది నాకు ముఖ్యం. నేను తెచ్చిన రంగు కార్డులు చూస్తే మిగతా పిల్లలు ‘బాబివి’ అని దూరం జరిగేవారు.

అన్నిటికంటే పెద్ద కారణం, ఈ ఆటలో కాయ చస్తుంది. అవతలివాడు మన గడిలోకి వస్తే మన కాయ మళ్లీ ఇంటి నుంచి మొదలు. అరటిపండుగా ఆడటానికి కుదరని ఆట ఇది. కానీ ఓడిపోతే బాబి తట్టుకోలేడు. అందుకే బడి తెరిచేముందు ఓటమి సాధన చేయించాలనుకుని నాయనమ్మకి చెప్పాను, మనవడి కాయలు చంపమని.

“ఆడు ఏడుత్తాడండి. నా సేత్తో నేను సంపలేనండి మేడంగారూ,” అందావిడ. రెండు వారాలు ప్రతి ఆటా మనవడే గెలిచాడు. ఆవిడని బతిమాలడం కంటే కారణం చెప్పడం మంచిదనిపించింది. వంటగది వెనక దాక్కున్న సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి రోజు ఫోనులో తల్లి చెప్పింది, అత్తగారు ఒక కాయ చంపిందనీ, బాబి గింజలు విసిరేశాడనీ, ఆవిడ కూడా ఏడ్చిందనీ. ఒక చిన్న అట్ట మీద రాసిచ్చాను: ‘కాయ చచ్చినా ఆట అవ్వలేదు. కాయ ఇంటికెళ్లింది. నా వంతు మళ్లీ వస్తుంది.’ ఈసారి ఆజ్ఞలు లేవు, జరిగేదే రాశాను. మే నెలాఖరుకి విసరడం ఆగలేదు కానీ, విసిరాక గింజలు తనే ఏరుకోవడం మొదలైంది.

జూన్ నుంచి

బడి తెరిచాక ముందు మిగతా పిల్లలతో మాట్లాడాను. జబ్బు పేరు చెప్పలేదు, తల్లికి ఇష్టం లేదు. రెండే చెప్పాను. ముట్టుకునేముందు చెప్పండి, చెప్పకుండా తగిలితే వాడికి చురుక్కుమంటుంది. ఏదైనా అడిగితే పది లెక్కపెట్టేదాకా మళ్లీ అడగకండి, వాడు జవాబు వెతుక్కుంటుంటాడు. సాయం చేయమని ఎవరికీ చెప్పలేదు. మంగకి విడిగా ఒక్క మాట చెప్పాను: వాణ్ణి గెలిపించకు.

పది లెక్కపెట్టమన్నది పిల్లలు తమ పద్ధతిలో మార్చుకున్నారు. లాభం, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టడం మొదలెట్టారు. ఆ ‘లాభం’ పేరు గురించి హెడ్మాస్టారికీ నాకూ వాదన జరిగింది. ఆయన అలా పిలవడం నిషేధించాలన్నారు. నేను ముందు బాబిని అడిగాను. నవ్వే ముఖం, ఏడ్చే ముఖం బొమ్మలు పెట్టి, ఎవరు పిలిస్తే ఏది అని. ఇద్దరు మగపిల్లలకి ఏడుపు ముఖం పెట్టాడు, మంగకి నవ్వు ముఖం. అందుకని పేరుని నిషేధించలేదు. ఆ ఇద్దరితో మాత్రం మాస్టారు విడిగా మాట్లాడారు.

మొదటి వారం చాప మీద వాళ్ల పక్కనే కూర్చున్నాను. ప్రతి పిల్లా బాబికి చెప్పాల్సింది నాకే చెబుతోంది: “మేడం, వాడి వంతండి.” పెద్దవాళ్లు ఆనుకుని ఉంటే పిల్లలు పిల్లలతో మాట్లాడరు. గత ఐదు నెలలూ నేను బాబికి అంత దగ్గరగా నిలబడ్డానని అప్పుడు తెలిసింది. రెండో వారం స్తంభం దగ్గరికి జరిగాను. మూడో వారం హెడ్మాస్టారి గది కిటికీలోంచి చూశాను. తర్వాత శుక్రవారాలు మాత్రమే.

మంగ మొదటిసారి బాబి కాయ చంపింది జూన్ చివర్లో. గింజలు వరండా అవతలికి ఎగిరాయి. బాబి బల్ల కింద దూరాడు. లేచి వెళ్లాలనిపించింది. వెళ్లలేదు, ఎందుకంటే నేను వెళ్తే అది నాకూ అతనికీ మధ్య విషయమవుతుంది. మంగ గింజలు ఏరింది. బల్ల దగ్గరికెళ్లి, వంగకుండానే, “నీ వంతు ఉంచుతాన్రా” అని చెప్పి, తన కాయలు అలాగే వదిలి క్లాసులోకి పోయింది. ఆ గీతల మీద నడవొద్దని అందరికీ చెప్పింది. మరుసటి రోజు బాబి బడికి రాగానే చాప దగ్గరికెళ్లి “నా వంతు” అన్నాడు. తనకు తానుగా ఇంకో పిల్లతో అతను మాట మొదలుపెట్టడం నేను వినడం అదే మొదటిసారి.

వరద

ఆగస్టులో గోదావరికి వరదొచ్చి లంకలోకి నీళ్లు చేరాయి. కుటుంబాలని ఒడ్డున ఒక బడిలోకి తరలించారు. పద్ధతులన్నీ తెగిపోయాయి. ఒకే హాల్లో వందమంది, రాత్రంతా లైట్లు, పిల్లల ఏడుపులు. రెండో రోజు బాబి ఒక చంటిపిల్లని నెట్టేశాడు, ఆ పిల్ల తండ్రి కొట్టబోయాడు. తల్లి అతన్ని తీసుకుని మెట్ల కింద కూర్చుందట. నాలుగో రోజుకి గాని నేను వెళ్లలేకపోయాను. నెలల పని పోయి ఉంటుందనుకుంటూ వెళ్లాను.

మెట్ల కింద నేల మీద బొగ్గుతో గీసిన 25 గళ్లున్నాయి. చింతగింజలు లేక విరిగిన చేతి గాజుల ముక్కలు వాడుతున్నారు, చెమ్మాకీ అష్టాకీ ఏ వైపు ఏదో వాళ్లే తేల్చుకున్నారు. ఆట పెట్టమని ఎవరూ చెప్పలేదు. “రెండో రోజే వచ్చేసిందండి మంగ, గోలలో వీడు ఎక్కడున్నాడో ఎతుక్కుంటా,” అంది నాయనమ్మ. నోటుబుక్కు తీసి ‘వెతికింది’ అని రాశాను.

తోటి టీచర్లకి

ముందు చూడండి, చూసింది మళ్లీ చదవండి. మీరు ఎంచే తోడు కంటే, పిల్లాడి వైపు అప్పటికే ఒకసారి తిరిగి చూసిన పిల్ల ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆ పిల్ల అల్లరిదైతే మరీ మంచిది, జాలిపడదు. నిమిషాలు లెక్కపెట్టడం కంటే ఎవరు మొదలుపెట్టారు, ఎవరు వెతికారు, ఎవరు ఓడారు అన్నవి రాసుకోండి. మనం నేర్పే మాట ఆ ఊరి పిల్లల నోట్లో ఉందో లేదో వినండి. సిబ్బంది తక్కువై చేసేవాళ్లం మనం, అయినా పిల్లాడి పక్కన కుర్చీ వేసుకోవడం తేలిక, అక్కడినుంచి లేవడానికి ముందే తేదీ పెట్టుకోవడం కష్టం. ఆ తేదీ నేను ముందే పెట్టుకుని ఉండాల్సింది.

ఇప్పుడు

బాబికి చాలామంది స్నేహితులు లేరు. మంగ ఉంది. మూడో తరగతి పిల్లాడొకడు ఆదివారాలు ఇంటికొస్తాడు, వాళ్లిద్దరూ కొబ్బరి మట్ట మీద ఒకరు కూర్చుని ఒకరు లాగుతూ పెరడంతా తిరుగుతారు. ఊగుతూ లాగబడటం బాబికి ప్రాణం, దానికోసం తన వంతు లాగడానికి కూడా ఒప్పుకుంటాడు. కబడ్డీ దగ్గరికి ఇప్పటికీ రాడు, రమ్మని మేమూ అనం. గోల ఎక్కువైన రోజు బల్ల కింద కూర్చుంటాడు, దాన్ని ఫిర్యాదుగా రాయడం బడివాళ్లు మానేశారు. లైనులో చివర నిలబడేలా సర్దుబాటు చేశాం, తోయడం దాదాపు లేదు.

మంగ ఐదో తరగతి అయిపోయి ఈ జూన్‌లో ఒడ్డున ఉన్న హైస్కూల్లో చేరింది. సాయంత్రం పడవలో వస్తుంది. మొదటి వారం బాబి రోజూ తాతయ్యని తీసుకుని రేవుకెళ్లి కూర్చున్నాడు. రెండు రోజులు మంగ కొత్త స్నేహితురాళ్లతో మాట్లాడుకుంటూ అతన్ని దాటి వెళ్లిపోయింది. ఇంటికొచ్చి రాత్రంతా అరిచాడు. తల్లి మంగని గట్టిగా అడగాలనుకుంది. నేను వద్దన్నాను. పదకొండేళ్ల పిల్ల మీద రోజూ ఒకరి బాధ్యత పెడితే మళ్లీ ఆ మొదటి ఫిబ్రవరిలో వేసిన వంతుల దగ్గరికే పోతాం.

మంగనే పిలిచి, ఎప్పుడు కుదురుతుందని అడిగాం. కాసేపు ఆలోచించి బుధవారం, ఆదివారం అంది. క్యాలెండర్ మీద ఆ రోజుల్లో బాబి తనే చింతగింజ బొమ్మ వేసుకున్నాడు. మిగతా సాయంత్రాలు రేవుకి వెళ్లడం మానలేదు, కానీ ఇప్పుడు పంటు దిగేవాళ్లని లెక్కపెడతాడట. లాభం, రెండు, మూడు.